పాత కారుకు దాహమేస్తే...

ట్యాంకులో పెట్రోలుంది. బ్యాటరీ బాగానే ఉంది. అయినా బండి నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతోంది. 'ఇంజిను పోయింది' అని తీర్పు చెప్పేస్తారు చూసినవాళ్లు. పోయింది ఇంజిను కాకపోవచ్చు. పెట్రోలు నడిచే దారిలో ఎక్కడో చిన్న అడ్డు పడి ఉండొచ్చు. దాన్ని వెతికి పట్టుకోవడానికి ఓ పద్ధతి ఉంది.

తాతగారు మోజుపడి కొన్న అంబాసిడర్. నాన్నగారి పెళ్లికి పూలదండలు కట్టించుకున్న ఫియట్. అక్కను పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, అన్నయ్య డ్రైవింగు నేర్చుకున్నదీ అందులోనే. ఇప్పుడది ఇంటి వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది. పండక్కి అందరూ వచ్చినప్పుడు ఎవరో ఒకరికి సరదా పుడుతుంది. బ్యాటరీ మారుస్తారు, టైర్లలో గాలి కొట్టిస్తారు, ఐదు లీటర్ల పెట్రోలు పోస్తారు. సెల్ఫ్ కొడితే... ఆశ్చర్యం! బండి స్టార్టవుతుంది. పిల్లలంతా ఎగబడి ఎక్కేస్తారు. వీధి చివరిదాకా హుషారుగానే వెళ్తుంది. మెయిన్ రోడ్డెక్కాక ఓసారి దగ్గుతుంది. తరవాత జర్కులిస్తుంది. ఆపైన ఆగిపోతుంది. ఇక అందరూ దిగి, తోసుకుంటూ ఇంటికి!

సరిగ్గా ఇక్కడే చాలా పాత కార్ల కథ ముగిసిపోతుంది. ఒకరు పంపు మార్చమంటారు. ఇంకొకరు కార్బురేటరే మార్చమంటారు. వేలకు వేలు పోస్తారు. బండి మళ్లీ అక్కడే ఆగుతుంది. విసుగొచ్చి తుక్కు కింద అమ్మేస్తారు. తీరా చూస్తే ట్యాంకు మూతకున్న గుండుసూది మొనంత బెజ్జం మూసుకుపోవడమే అసలు కారణం కావచ్చు! అందుకే పాత బండి విషయంలో మొదటి సూత్రం... ముందు వెతకాలి, ఆ తరవాతే మార్చాలి.

దాచుకునే రహస్యాల్లేవు

కొత్త కార్లలో పెట్రోలును కంప్యూటర్ కొలిచి ఇస్తుంది. తేడా వస్తే స్కానర్ పెట్టి చూడాల్సిందే. పాత కార్లకు ఆ బాధ లేదు. 2014లో కోల్‌కతా దగ్గరి ఉత్తరపాడా ప్లాంటులో తయారీ ఆగిపోయేదాకా మన రోడ్లను ఏలిన అంబాసిడర్‌కు మూలం 1950ల నాటి ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1970ల్లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారుకు మూలం ఇటలీ ఫియట్ 1100. రెండింటికీ ముందు పుట్టిన మోరిస్ మైనర్ సరేసరి. వీటి పెట్రోలు ఇంజిన్లలో ప్రతి భాగమూ బానెట్ ఎత్తితే కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, స్పానరుతో ఊడుతుంది. ఓపికే కావాలి.

బాగుచేసుకుంటే విలువా పెరుగుతుంది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవడానికి కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వీటి నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తరవాత 'వీఏ' అని ఉంటుంది. రోజువారీ పనులకూ, కిరాయికీ తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. అలా తీసుకెళ్లాలంటే మరి... ముందు అది నడవాలిగా!

కరెంటా... పెట్రోలా?

ఇంజిను తిరగాలంటే రెండు కావాలి. సరైన సమయానికి నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలూ గాలీ. బండి ఆగిందంటే ఈ రెండింటిలో ఏది లోపించిందో ముందు తేల్చుకోవాలి. పాత మెకానిక్కులు బండి ఆగిన తీరును బట్టే సగం పోల్చుకుంటారు. స్విచ్చు కట్టేసినట్టు టక్కున ఆగితే అనుమానం కరెంటు మీద. దగ్గుతూ, జర్కులిస్తూ, ఎక్కు దగ్గర బలం చాలక ఈడ్చుకుంటూ ఆగితే అనుమానం పెట్రోలు మీద.

అయితే ఇది అనుమానమే, రుజువు కాదు. వేడెక్కాక మొరాయించే కండెన్సరు, అరిగిపోయిన పాయింట్లు కూడా అచ్చం పెట్రోలు అందనట్టే నటిస్తాయి. కార్బురేటరు విప్పి నానా తంటాలు పడ్డాక, తప్పు పాయింట్లదని తేలడం గ్యారేజీల్లో కొత్తేం కాదు. అందుకే ముందు పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు చూపించుకోవాలి.

ప్లగ్గులు ఇంకో సాక్ష్యమూ చెబుతాయి. బండి ఆగిన వెంటనే విప్పి చూస్తే మొన పొడిగా, తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజినుకు పెట్రోలు చాలడం లేదు. తడిగా, మసి పట్టి, వాసన కొడుతుంటే ఎక్కువైపోతోంది. ఒకటి దాహం, రెండోది అజీర్తి. రెండింటికీ మందు వేరు.

ట్యాంకు నుంచి గొంతు దాకా

పెట్రోలు ప్రయాణం తెలిస్తే వెతకడం తేలిక. డిక్కీ వైపున్న ట్యాంకులో మొదలవుతుంది. బయటికొచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అక్కణ్నుంచి బండి కింద సన్నటి లోహపు పైపు ముందుదాకా వస్తుంది. ఇంజిను ఊగుతుంటుంది కాబట్టి చివర్లో జానెడు రబ్బరు గొట్టం. తరవాత పంపు. అది లాగిన పెట్రోలు కార్బురేటరు పక్కనే ఉన్న చిన్న గిన్నెలోకి చేరుతుంది. దాన్నే ఫ్లోట్ ఛాంబర్ అంటారు. గిన్నె నుంచి జెట్ల గుండా పైకి లేచి, దూసుకొచ్చే గాలిలో తుంపరగా కలిసి ఇంజినులోకి వెళ్తుంది.

ఇందులో ఓ కిటుకుంది. ట్యాంకు నుంచి పంపు దాకా పెట్రోలు పీల్పు మీద వస్తుంది. పంపు నుంచి ముందుకు తోపు మీద వెళ్తుంది. తోపు ఉన్నచోట చిల్లు పడితే పెట్రోలు బయటికి కారుతుంది, కంటపడుతుంది. పీల్పు ఉన్నచోట పగులుంటే బొట్టు కూడా కారకపోవచ్చు. దానికి బదులు గాలి లోపలికి దూరుతుంది. పంపు పెట్రోలు మానేసి గాలి తాగుతుంటుంది. 'ఎక్కడా లీకు లేదండీ, కొత్త పంపు వేశాం, అయినా అంతే' అని తలపట్టుకునే సందర్భాల్లో ముందుగా చూడాల్సింది ఈ పగుళ్లనే.

ముందు ఈ జాగ్రత్తలు

పెట్రోలు కన్నా దాని ఆవిరి ప్రమాదకరం. గాలి కన్నా బరువు కాబట్టి నేలబారున పాకి, గుంతల్లో, కారు అడుగున పేరుకుంటుంది. పది అడుగుల దూరంలో ఉన్న పొయ్యి కూడా దాన్ని అంటించగలదు. కాబట్టి...
* పని ఆరుబయట చేయాలి. ఇంజిను పూర్తిగా చల్లారాకే పైపు ఊడదీయాలి.
* సిగరెట్లు, దేవుడి దీపాలు, పాతకాలపు వైరు బల్బులు దగ్గర్లో ఉండకూడదు. వెలుతురుకు ముందే వెలిగించి పెట్టుకున్న టార్చి చాలు.
* పొడి పౌడరు అగ్నిమాపక సిలిండరు చేతికందేంత దూరంలో ఉంచుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుతుంది.
* గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగొద్దు. గుటక ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాల మీదికొస్తుంది. ఒకవేళ మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
* బానెట్‌కు పెట్రోలు సీసా వేలాడదీసి, గొట్టం కార్బురేటరుకు తగిలించి బండి నడిపేవాళ్లున్నారు. సీసా జారితే పెట్రోలు పడేది కాగిపోతున్న సైలెన్సర్ పైపు మీదే! ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయొద్దు.

చేయి తిరగనివాళ్లు ఈ పరీక్షలు మెకానిక్ దగ్గరుండగా చేయించుకోవడమే మంచిది. విషయం తెలిసి పక్కన నిలబడినా లాభమే. 'ఏం మార్చారు' అని కాకుండా 'ఏం చూశారు' అని అడగొచ్చు.

డబ్బా చెప్పే నిజం

మొత్తం దారిని ఒకేసారి వెతకక్కర్లేదు. మధ్యలో ఒకచోట చూస్తే సగం దారి అనుమానం నుంచి తప్పుకుంటుంది. ఆ చోటు కార్బురేటరు గుమ్మం.

ముందు కాయిల్‌కు కరెంటు తెచ్చే సన్న వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టాలి. దాంతో నిప్పురవ్వ రాదు. కార్బురేటరుకు వచ్చే పైపు ఊడదీసి, పొడవాటి గొట్టం తగిలించి, దాని కొసను దూరంగా ఉన్న డబ్బాలో పెట్టాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు గమనించాలి. పంపు బాగుంటే పెట్రోలు చిమ్మినట్టుగా తెరలు తెరలుగా, బలంగా పడుతుంది. అలా పడిందా... వెనకున్న ట్యాంకు, పైపు, పంపు ప్రస్తుతానికి నిర్దోషులు. తప్పు కార్బురేటరులో ఉంది.

బొట్లు బొట్లుగా వచ్చినా, బుడగలతో నురగలా వచ్చినా, అసలు రాకపోయినా తప్పు వెనకుంది. అప్పుడు రెండో పరీక్ష. పంపులోకి వచ్చే గొట్టం ఊడదీసి, దాని బదులు ఓ మంచి గొట్టం బిగించి, రెండో కొసను శుభ్రమైన పెట్రోలున్న డబ్బాలో ముంచాలి. డబ్బా పంపు కన్నా కిందే ఉండాలి. మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. ఇప్పుడు ధార బాగా వస్తే పంపు మంచిదే, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఏదో అడ్డుంది. ఇప్పుడూ రాకపోతే పంపే దోషి. పదినిమిషాల పని. రూపాయి ఖర్చు లేదు!

ఓ చిక్కుంది. కొన్ని బండ్లు పొద్దున బాగానే ఉండి, దారిలో మాత్రమే ఆగుతాయి. ఇంట్లో చేసే పరీక్షలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. అలాంటప్పుడు ఎంత దూరం వెళ్లాక ఆగుతోంది, ఎంతసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతోంది, ఎండలోనా, నీడలోనా... ఇవన్నీ కాగితం మీద రాసుకుంటే రోగం దొరుకుతుంది.

ట్యాంకులో ఏముంది?

కొన్ని కిలోమీటర్లు వెళ్లి ఆగడం, పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవడం... ఈ లక్షణం కనిపిస్తే ముందు ట్యాంకు మూత చూడాలి. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికోసం చాలా పాత కార్ల మూతకే సన్నటి బెజ్జం ఉంటుంది. కొన్నింటికి ట్యాంకుకు విడిగా గాలి గొట్టం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో గాలి పలచబడి పెట్రోలును వెనక్కి పట్టుకుంటుంది. బండి ఆగిన వెంటనే మూత తిప్పి చూడండి. 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే.

రెండో అనుమానం తుప్పు. ఏళ్ల తరబడి సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు రాత్రుళ్లు తేమ పడుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరి రేకును తినేస్తాయి. ఆ తుప్పు పెళ్లలు ఊడి, పెట్రోలుతో పాటు వచ్చి జల్లెడకు అతుక్కుంటాయి. ఇంజిను ఆగితే పీల్పు ఆగుతుంది, పెళ్లలు వదులై కిందికి జారతాయి. బండి మళ్లీ స్టార్టవుతుంది. కాసేపటికి మళ్లీ మామూలే! అంటే మూత బెజ్జానికీ, తుప్పుకూ లక్షణం దాదాపు ఒకటే. మూత వదులు చేసినా బాగుపడకపోతే తుప్పును అనుమానించాలి.

పైపు మూసుకుపోయిందో లేదో తెలుసుకోవడానికి సైకిలు పంపు చాలు. పైపును పంపు దగ్గర ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి, మెల్లగా గాలి కొట్టాలి. ట్యాంకులో బుడబుడమని వినిపిస్తే దారి తెరుచుకున్నట్టే. అలా ఊదగానే బండి బాగైపోయిందని సంబరపడొద్దు. చెత్త మళ్లీ ట్యాంకులోకే పోయింది. కొన్నాళ్లకు తిరిగొస్తుంది. ట్యాంకు దింపి కడిగించడమే శాశ్వత పరిష్కారం. ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండి ఉంటుంది కాబట్టి వెల్డింగు పని మాత్రం అది తెలిసినవాళ్లకే అప్పగించాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య చవకలో దొరికే పారదర్శకమైన ఫిల్టరు ఒకటి పెట్టించుకుంటే లోపల గోధుమరంగు పొడి చేరడం కంటితోనే చూడొచ్చు. అది సైలెన్సర్ పైపుకు దూరంగా ఉండాలి.

గుప్పెడంత గుండె

పాత అంబాసిడర్, పద్మినిల పంపు ఇంజిను పక్కన గుప్పెడంత ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఇంజినులోని క్యామ్ షాఫ్టు తిరుగుతూ ఓ మీటను నొక్కుతుంది. మీట లోపలున్న డయాఫ్రమ్ అనే మెత్తటి పొరను కిందికి లాగుతుంది. పెట్రోలు లోపలికొస్తుంది. స్ప్రింగు ఆ పొరను పైకి తోస్తుంది. పెట్రోలు కార్బురేటరుకు పోతుంది. వెనక్కి పోకుండా రెండు చిన్న వాల్వులు కాపలా కాస్తాయి. ముమ్మాటికీ గుండె లాంటిదే!

ఏళ్లు గడిచాక ఆ పొర బిరుసెక్కి చిట్లుతుంది. చిట్లితే రెండు నష్టాలు. ఒకటి, పీల్పు తగ్గుతుంది. రెండోది ఇంకా పెద్దది. పెట్రోలు కిందికి జారి ఇంజిను ఆయిల్లో కలవొచ్చు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమన్నా, పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగినా బండి అస్సలు నడపొద్దు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇక అప్పుడు నిజంగానే 'ఇంజిను పోతుంది'. పంపు బాగుచేయించి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

పంపు మొత్తం మార్చక్కర్లేని సందర్భాలే ఎక్కువ. పొర, వాల్వులు, గ్యాస్కెట్లు ఉన్న రిపేరు కిట్ దొరికితే సరిపోతుంది. కొన్ని పంపుల నెత్తిన గాజు గిన్నె ఉంటుంది. దాని కింది వాషరు ఎండిపోతే అక్కడా గాలి పీలుస్తుంది. మరికొన్నింటికి చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది. చాలాకాలం ఆగిన బండికి సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేయకుండా, దాంతో పెట్రోలు పైకి లాగొచ్చు. ఆ మీట వదులుగా ఆడుతూ పనిచేయకపోతే పంపు పోయిందనుకోవద్దు. క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజినును కొద్దిగా తిప్పి మళ్లీ కొట్టి చూడాలి.

మోరిస్ మైనర్‌ది వేరే దారి. దానికి కరెంటుతో నడిచే పంపు. తాళం తిప్పగానే టిక్ టిక్ మని కొట్టుకుని, గిన్నె నిండాక ఆగుతుంది. ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే గాలి తాగుతున్నట్టు. అసలు చప్పుడే లేకపోతే లోపలి పాయింట్లు మసిబారి ఉండొచ్చు.

ఇంకో మాట. పంపుతో విసిగిపోయి కొత్త కార్లలోని ఎలక్ట్రిక్ పంపు తగిలించేవాళ్లున్నారు. ఇంజెక్షన్ బండ్ల పంపు ఒత్తిడి పాత కార్బురేటరు తట్టుకునే దానికి పదింతలు ఉండొచ్చు. గిన్నె పొంగి, పెట్రోలు వేడి ఇంజిను మీద పారుతుంది. పెట్టక తప్పకపోతే కార్బురేటరు బండ్ల కోసం తయారైన తక్కువ ఒత్తిడి పంపే పెట్టాలి.

జెట్టులో జుట్టంత తేడా

పెట్రోలు గుమ్మం దాకా బాగానే వస్తోందంటే ఇక కార్బురేటరు తలుపు తట్టాలి. ఇందులో మొదటి కాపలాదారు ఫ్లోటు. మన ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు ఎలాగో ఇదీ అలాగే. గిన్నె నిండితే ఫ్లోటు తేలి, సూదిలాంటి నీడిల్ వాల్వును మూసేస్తుంది. ఆ సూది మూసుకుని బిగుసుకుపోతే ఇంజినుకు దాహం. తెరుచుకుని ఉండిపోతే పొంగు, నల్లపొగ. కార్బురేటరు మూత మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టడం పాత చిట్కా. ఇరుక్కున్న నలుసు జారితే బండి అప్పటికి ఇల్లు చేరుతుంది. తరవాత విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఫ్లోటుకే చిల్లు పడితే పెట్రోలు దాంట్లో చేరి మునిగిపోతుంది. చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడవుతుంది. ఇత్తడి ఫ్లోటును వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలొస్తాయి. పొయ్యి మీద కాదు సుమా, దింపి దూరంగా తెచ్చుకున్న నీళ్లలో!

ఆపైన జెట్లు. ఇత్తడి మరలాంటి ముక్కకు మధ్యలో సన్నటి రంధ్రం. పద్మినిలో వాడిన సోలెక్స్ రకం కార్బురేటరు జెట్ల మీద ఓ అంకె ఉంటుంది. 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. అంటే కొలత మిల్లీమీటరులో నూరో వంతు దాకా లెక్కే. అలాంటి జెట్టులోకి తీగ దూర్చి గీకితే రంధ్రం పెద్దదవుతుంది. బండి నడుస్తుంది కానీ పెట్రోలు తాగేస్తుంది. జెట్లను కార్బురేటరు క్లీనరుతో కడిగి, గాలితో ఊదాలంతే.

మోరిస్ మైనర్ వంటి ఇంగ్లిషు కార్లలో ఉండే ఎస్‌యూ కార్బురేటరు తీరే వేరు. అందులో ఓ పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలును కొలుస్తుంది. ఇంజిను ఆపి, ఫిల్టరు తీసి, వేలితో పిస్టన్‌ను ఎత్తి వదిలితే చివర 'టక్' మని చప్పుడు చేస్తూ కూర్చోవాలి. రాకపోతే ఎక్కడో పట్టేస్తున్నట్టు. పైనున్న గొట్టంలో నూనె ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది.

మే నెల మారాం

పొద్దున చక్కగా తిరిగే బండి, మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగి మొండికేస్తుంది. అరగంట నీడలో ఉంచితే మళ్లీ మామూలే. మన దగ్గర దీన్ని 'ఎయిర్ లాక్' అనేస్తుంటారు. నిజానికి అది గాలి కాదు, పెట్రోలు ఆవిరే. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరవడం మొదలుపెడతాయి. మే నెలలో బయటే అంత ఎండ. ఇక బానెట్ కింద సంగతి చెప్పేదేముంది! పంపులో, పైపులో ఆవిరి బుడగలు నిండుతాయి. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ బుడగలను పిండగలదేగానీ తోయలేదు.

పంపు మీద తడిగుడ్డ వేయడం లారీ డ్రైవర్ల నాటి చిట్కా. పనిచేస్తుంది. అంతేగానీ కాగుతున్న ఇంజిను మీద చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే పోత ఇనుము పగిలే ప్రమాదముంది. అసలు పరిష్కారం వేరే. పెట్రోలు పైపు సైలెన్సర్ వైపుకు తగలకుండా జరపాలి. కార్బురేటరు కింద వేడిని ఆపే మందపాటి గ్యాస్కెట్ ఉందో లేదో చూడాలి. ఎవరో మెకానిక్ ఎప్పుడో విప్పి తిరిగి పెట్టడం మరిచిన చిన్న రేకు కవచమే మొత్తం తంటాకు కారణం కావచ్చు.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఇన్నాళ్లూ లేని ఓ కొత్త సమస్య ఇప్పుడు పాత కార్లకు తోడైంది. అదే ఇథనాల్. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా విస్తరించాయి. అంబాసిడర్ రబ్బరు గొట్టాలు తయారైన రోజుల్లో ఈ మిశ్రమం ఎవరి ఊహలోనూ లేదు.

ఇథనాల్ పాతరకం రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి, చివరికి పగిలేలా చేస్తుంది. గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది. లోపల పొరలు ఊడి దారి మూస్తాయి. పంపు డయాఫ్రమ్, వాషర్లదీ అదే గతి. పైగా ఏళ్లుగా ట్యాంకు గోడలకు అంటుకున్న జిగురును కరిగించి తెచ్చి ఫిల్టరులో పడేస్తుంది. గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. ఎక్కువ రోజులు కదలని బండిలో ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల పెట్రోలు పాలు తగ్గినట్టయి, పాత జెట్ల కొలత చాలక బండి కాస్త తడబడొచ్చు కూడా.

కాబట్టి షెడ్డులోంచి బండి తీసే ముందు రబ్బరు గొట్టాలన్నీ మార్చేయాలి. ఇథనాల్‌ను తట్టుకునే రకమే కావాలని దుకాణంలో గట్టిగా అడగాలి. నీళ్ల గొట్టం, వైపరు గొట్టం లాంటివి 'సైజు సరిపోయింది కదా' అని తొడగకూడదు. కారు కింద చిట్లిన ఆ జానెడు గొట్టమే బండిని కాల్చేయగలదు. డయాఫ్రమ్ కిట్ కొన్నప్పుడూ అదే ప్రశ్న. నెలల తరబడి తీయని బండిలో పాత పెట్రోలు ఉంచకుండా తీయించేయాలి. పదిహేను రోజులకోసారైనా ఇంజిను వేడెక్కేదాకా తిప్పితే గిన్నెలో జిగురు కట్టదు.

అప్పట్లో ఇలా...

* 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి పంపే లేదు. సీటు కింద ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే కార్బురేటరులోకి జారేది. ట్యాంకులో కొంచెమే ఉన్నప్పుడు నిట్టనిలువు ఎక్కు వస్తే ట్యాంకు కన్నా ఇంజినే ఎత్తులో ఉండి పెట్రోలు అందేది కాదు. డ్రైవర్లు బండిని తిప్పి, రివర్సులో కొండెక్కేవారు!
* హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ కనువిందు చేస్తుంది. ఆనాటి సిల్వర్ గోస్ట్‌లలో ట్యాంకులోకి గాలి కొట్టి, ఆ ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోసేవారు. స్టార్ట్ చేసే ముందు చేతిపంపు కొట్టాల్సిందే.
* ఆ తరవాత ఇంజిను పీల్పుతోనే పెట్రోలును చిన్న తొట్టిలోకి లాగే పద్ధతి వచ్చింది. డయాఫ్రమ్ పంపులు వచ్చాక ఆ తొట్లు కనుమరుగయ్యాయి.

ఏ లక్షణానికి ఏ అనుమానం?

* కొద్ది దూరం వెళ్లి ఆగి, కాసేపటికి స్టార్టయితే: మూత బెజ్జం, ట్యాంకులో తుప్పు.
* ఎండలో, ట్రాఫిక్‌లో మాత్రమే ఆగితే: పైపులో ఆవిరి.
* వేగంలో, ఎక్కుల్లో బలం చాలకపోతే: నీరసించిన పంపు, నిండిన ఫిల్టరు, మూసుకున్న పెద్ద జెట్టు.
* నిలకడ మీద ఆగిపోయి, తొక్కితే బాగుంటే: నిలకడ జెట్టులో నలుసు, కార్బురేటరు కింద గాలి లీకు.
* నల్లపొగ, పెట్రోలు వాసన: నీడిల్ వాల్వు, చిల్లు పడ్డ ఫ్లోటు, తెరుచుకోని చోక్.
* ఆయిల్లో పెట్రోలు వాసన: చిట్లిన డయాఫ్రమ్. బండి వెంటనే ఆపేయాలి.

వెతికిన ప్రతిసారీ ఓ చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ రోజు ఏ గొట్టం మార్చారు, ఏ జెట్టు మీద ఏ అంకె ఉంది, ఫ్లోటు ఎంత ఎత్తులో పెట్టారు... తరవాతి మెకానిక్‌కు అదే మెడికల్ ఫైలు. పాత కార్లు బాగుచేసే చేతులు ఇప్పుడు ఊరికి ఒకటో రెండో మిగిలాయి. ఆ చేతులకు తెలిసిన విద్య కాగితం మీదికెక్కితే, రేపు మనవడు బానెట్ ఎత్తినప్పుడు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో వాడికి తెలుస్తుంది.